మూకుట్లో మిగిలిన నూనె

గారెలు వేసే వాళ్లందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. మొదటి వాయి ఎప్పుడూ సరిగ్గా రాదు. గారెలు పాలిపోయినట్టు తేలతాయి, లోపల పిండి కాస్త పచ్చిగా తగులుతుంది. రెండో వాయికి రంగు తిరుగుతుంది. చుట్టాల విస్తట్లోకి వెళ్లేవి మూడో వాయి గారెలే. నూనె ఇంకా కాగలేదు, అందుకే అలా వచ్చాయి అని సరిపెట్టుకుంటాం. అది సగమే నిజం. నూనె 180 డిగ్రీల సెల్సియస్ దాకా బాగా కాగిన తర్వాత వేసినా, అప్పుడే ప్యాకెట్ కత్తిరించి పోసిన కొత్త నూనెలో మొదటి వాయికి రంగు తక్కువగానే వస్తుంది. మిగతా సగం కారణాన్ని మైఖేల్ బ్లూమెంథాల్ అనే అమెరికన్ ఆహార శాస్త్రవేత్త 1991లో ఓ వ్యాసంలో వివరించాడు.

నూనెకూ నీళ్లకూ పడదు. నానబెట్టి రుబ్బిన మినప్పిండిలో నీళ్లు బాగానే ఉంటాయి. కాగిన నూనెలో పడిన క్షణం నుంచి ఆ నీళ్లు ఆవిరై బయటికి తన్నుకొస్తుంటాయి. ఆ ఆవిరి నూనెను పిండి దగ్గరికి రానివ్వదు. కొత్త నూనె పిండిని నిజంగా తాకేది చాలా తక్కువ సేపు. ఒకటి రెండు వాయిలు వేగేసరికి నూనెలో కొద్దిగా సబ్బు గుణం ఉన్న పదార్థాలు పుడతాయి. సబ్బు చేసే పనే ఇవీ చేస్తాయి, నూనెనూ నీళ్లనూ కలుపుతాయి. ఇక నూనె పిండికి బాగా అంటుతుంది, వేడి లోపలికి దిగుతుంది, గారె ఎర్రగా వేగుతుంది. ఆ పదార్థాలే మితిమీరితే కథ అడ్డం తిరుగుతుంది. నూనె పిండిని పట్టుకుని వదలదు. గారె పైన మాడుతుంది, లోపల ఉడకదు, నూనె తాగి బరువెక్కుతుంది.

మంచి గారెకు కారణమైన మార్పే నూనె చెడిపోవడానికి తొలి మెట్టు కూడా. వాడిన నూనె మళ్లీ వాడొచ్చా అని అడిగితే ఔననో కాదనో ఒక్క ముక్కలో తేలకపోవడం ఇందువల్లే. చెడిపోవడం మొదటి గారెతోనే మొదలవుతుంది. ఎక్కడ ఆపాలన్నదే లెక్క.

నూనె అణువును మూడే పళ్లున్న దువ్వెనలా ఊహించుకోండి. పట్టుకునే చోట గ్లిజరాల్, పళ్ల స్థానంలో మూడు కొవ్వు ఆమ్లాలు. పిండిలోంచి వచ్చే ఆవిరి ఈ పళ్లను ఒక్కొక్కటిగా విరగ్గొడుతుంది. విడిపడిన కొవ్వు ఆమ్లాలు పెరిగే కొద్దీ నూనె తక్కువ వేడికే పొగలు కక్కడం మొదలుపెడుతుంది. రిఫైన్ చేసిన వేరుశనగ నూనె మొదటిసారి సుమారు 230 డిగ్రీల దాకా పొగ రాకుండా నిలబడుతుంది. నాలుగైదు సార్లు కాగిన తర్వాత అదే నూనె మామూలు మంట మీదే పొగలు చిమ్ముతుంది. మిగిలిన గ్లిజరాల్ ఆ వేడికి అక్రోలీన్ అనే వాయువుగా మారుతుంది. మాడిన నూనె పొగకు కళ్లు మండి, ముక్కు చీదుకుంటూ పెరట్లోకి పరిగెత్తించేది ఈ అక్రోలీనే.

రెండో దెబ్బ గాలిలోని ఆక్సిజన్‌ది. కొవ్వు ఆమ్లాల గొలుసులో జంట బంధాలుంటాయి, ఆక్సిజన్ వాటి పక్కనే కొరుకుతుంది. వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే ఓలియిక్ ఆమ్లానికి ఒక్కటే జంట బంధం. మామూలు సన్‌ఫ్లవర్ నూనెలో సుమారు 60 శాతం ఉండే లినోలియిక్ ఆమ్లానికి రెండు. ఒకటికి రెండే కదా అనుకుంటాం గానీ, లినోలియిక్ ఆమ్లం దాదాపు పది రెట్లు వేగంగా ఆక్సీకరణ చెందుతుంది. అప్పుడు పుట్టే పెరాక్సైడ్లు ఆ వేడికి నిలవలేక ముక్కలై ఆల్డిహైడ్లుగా మారతాయి. వీటిలో డెకాడయినాల్ అనే దాన్ని మనందరం ఎరుగుదుం, పేరు వినకపోయినా. వీధి మలుపులో పునుగుల బండి ఉందని కంటికన్నా ముందు ముక్కుకు చెప్పే ఆ వేపుడు వాసనలో పెద్ద వాటా దానిదే. అదే లినోలియిక్ ఆమ్లం నుంచి హైడ్రాక్సీనోనెనాల్ అనే మరో ఆల్డిహైడ్ కూడా పుడుతుంది. దానికి పేరు తెచ్చిపెట్టే వాసనేమీ లేదు. ఒంట్లోకి వెళ్తే ప్రోటీన్లకూ డీఎన్ఏకూ అంటుకుని వాటి పనిని చెడగొట్టే గుణం మాత్రం ఉంది.

మూడో మార్పును చూడాలంటే మీ మూకుడు తిరగేయండి. చెవుల దగ్గర, అంచు కింద గోధుమరంగులో జిడ్డు జిగురుగా పట్టి ఉంటుంది. గోటితో గీకితే సాగుతుంది, పాతదైతే పొరలా లేస్తుంది. ఎంత పీచు వేసి తోమినా పోదు. నూనె అణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్ద పెద్ద గొలుసులుగా మారితే వచ్చేది అదే. అవిసె నూనె గాలికి ఆరి చెక్క మీద వార్నిష్‌లా గట్టిపడేదీ ఈ రకం రసాయన చర్యతోనే. మూకుడు అంచున కంటికి కనిపించే ఆ జిగురు లోపలి నూనెలోనూ కరిగి ఉంటుంది. నూనె చిక్కబడుతుంది, వేయించిన వస్తువు నుంచి జారిపోకుండా దానితోపాటే పళ్లెంలోకి వస్తుంది.

ఈ మూడు దారుల్లో పుట్టినవాటిలో చాలా భాగాన్ని కలిపి పోలార్ పదార్థాలు అంటారు. మన దేశంలో ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, 2018 జులై 1 నుంచి వీటికి 25 శాతం హద్దు పెట్టింది. అది దాటిన నూనెతో వంట చేసి అమ్మకూడదు. పెద్ద హోటళ్లలో కాగుతున్న నూనెలో ముంచితే ఆ శాతాన్ని అంకెల్లో చూపే పరికరాలున్నాయి. ఇంట్లో ఉన్నవి కళ్లూ ముక్కూ.

కళ్లు ఒక విషయంలో మోసపోతాయి. అదే రంగు. నల్లబడిందంటే చెడిపోయిందని, తేటగా ఉంటే బాగుందని లెక్కేస్తాం. అరిసెలు వేసిన నూనె చూడండి. పాకంలోని బెల్లం కాస్త కరిగి, మాడి, నూనెను ఒక్క పూటలోనే నల్లగా చేస్తుంది. మిర్చి బజ్జీల నూనెకు మిరప రంగు దిగుతుంది. ఆ నలుపూ ఎరుపూ నూనె లోపలి పాడుదనానికి కొలమానం కావు. అదే సన్‌ఫ్లవర్ నూనెలో వారం రోజులు పూరీలు మాత్రమే వేయించారనుకోండి, రంగు పెద్దగా మారకపోవచ్చు, లోపల మాత్రం చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది.

నమ్మాల్సింది బుడగలను. మంచి నూనెలో పూరీ వేస్తే పెద్ద పెద్ద బుడగలు లేచి వెంటనే పగులుతాయి, పూరీ తీయగానే నూనె ఉపరితలం సర్దుకుంటుంది. అలసిన నూనెలో బుడగలు చిన్నవి, పసుప్పచ్చని నురగలా అంచులెక్కుతాయి, పూరీ తీసేసినా కాసేపు తగ్గవు. ఆ నురగ కనిపించినా, మామూలు మంట మీదే పొగ వచ్చినా, గరిటె నుంచి నూనె ధారగా కాక సాగుతూ జారినా, తిన్నాక గొంతులో గరగరలాడినా ఆ నూనెకు వంటింట్లో పని అయిపోయింది. అయితే గానుగ నూనె వాడేవాళ్లకు ఒక మాట. శుద్ధి చేయని నూనెలో సహజంగా ఉండే జిగురు పదార్థాల వల్ల అది కొత్తగా ఉన్నప్పుడే నురగలెత్తుతుంది, త్వరగా పొగ వస్తుంది. పోపుకు, పచ్చళ్లకు ఆ నూనె రుచే వేరు. మూకుడు నిండా పోసి గంటల తరబడి వేయించడానికి మాత్రం అది సరైనది కాదు, ఎవరెంత మెచ్చుకున్నా.

ఇంట్లో నూనె హోటల్ నూనెకన్నా సుఖంగా ఉంటుందని అనుకుంటాం. ఎంతసేపు కాగిందన్నది ఒక్కటే చూస్తే నిజమే. కానీ ఆపకుండా కాగే నూనెకన్నా, కాచి చల్లార్చి మళ్లీ కాచే నూనె గంటకు గంట లెక్కన త్వరగా పాడవుతుంది. వేగుతున్నంత సేపూ మూకుడు మీద ఆవిరి దుప్పటిలా కమ్ముకుని ఆక్సిజన్‌ను కొంత అడ్డుకుంటుంది. పొయ్యి ఆపగానే ఆ రక్షణ పోతుంది, చల్లారే కొద్దీ నూనె గాలిని తనలోకి పీల్చుకుంటుంది. మళ్లీ కాచినప్పుడు ఆ ఆక్సిజన్ అంతా పనిలోకి దిగుతుంది. భోగి నాడు అరిసెలు, సంక్రాంతి నాడు గారెలు, కనుమ నాడు చేపల వేపుడు అంటూ ఒకే నూనెను మూడు రోజులు లేపి కూర్చోబెట్టడం కన్నా, చేయాల్సినవన్నీ ఒకే పూట వరసగా వేయించేయడం మేలు.

ఆ వరసకూ ఒక పద్ధతుంది. సకినాలు, జంతికల్లాంటివి ముందు వేయించాలి, పిండి రేణువులు తక్కువ రాలుస్తాయి. తర్వాత పూరీలు. ఒత్తేటప్పుడు పొడి పిండి చల్లకుండా చేతికి నూనె రాసుకుంటే అడుగున మాడే పిండి ఉండదు. అప్పడాలను విడిగా దులిపి వేయాలి, వాటి ఒంటికి పట్టిన పిండి కూడా మాడేదే. బూరెలు పగిలి పూర్ణం బయటపడే ప్రమాదం ఉంది గనుక ఆ తర్వాత. అరిసెలు ఆఖరు. చేపా మాంసం ఉంటే అన్నిటికన్నా ఆఖరు. ఉప్పు వేయించాక చల్లుకోగలిగితే అలాగే చేయండి. వాయికీ వాయికీ మధ్య ఫోన్ వస్తే మంట తగ్గించి మాట్లాడండి. ఖాళీగా కాగే నూనె కూడా చెడిపోతూనే ఉంటుంది.

పాత్ర సంగతి. రాగి ఆక్సీకరణను విపరీతంగా పెంచుతుంది, ఇత్తడిలో ఉండేది ప్రధానంగా రాగే. కళాయి పోయిన ఇత్తడి మూకుడు అటక మీద ఎంత అందంగా ఉన్నా, వేపుళ్లకు దింపకండి. ఇనుము కూడా కొంత చెడగొడుతుంది గానీ, బాగా వాడిన ఇనప మూకుడుకు లోపల నల్లటి పొర పట్టి ఉంటుంది కాబట్టి నూనె నేరుగా లోహానికి తగిలేది తక్కువ. వెడల్పాటి కడాయికన్నా లోతైన చిన్న మూకుడు నయం, గాలికి తగిలే మేర తగ్గుతుంది.

ఏ నూనె ఎక్కువ ఓర్చుకుంటుంది అంటే, బజ్జీల బండివాడు పామాయిల్ వాడేది చవకని మాత్రమే కాదు. దానిలో లినోలియిక్ ఆమ్లం సుమారు పదో వంతే, సగం దాకా సంతృప్త కొవ్వు, అందుకే కాగినా నిలుస్తుంది. గుండెకు మాత్రం ఆ సంతృప్త కొవ్వు మంచిది కాదు. నువ్వుల నూనె వింతైనది. లినోలియిక్ ఆమ్లం నలభై శాతం దాకా ఉన్నా త్వరగా చెడదు. దానిలోని సెసమోలిన్ అనే పదార్థం వేడికి సెసమాల్‌గా మారి ఆక్సీకరణను అడ్డుకుంటుంది. ఆవకాయ జాడీలో ఏడాది పాటు నూనె కమ్మగా ఉండటంలో దీని వాటా ఉంది. తవుడు నూనెకు ఒరైజనాల్ అండ. వేయించడానికి వేరుశనగ, తవుడు నూనెలు నా లెక్కలో సన్‌ఫ్లవర్‌కన్నా మెరుగు.

చెడిన నూనెలో పుట్టేవన్నీ తింటే ఏమవుతుంది? ఇక్కడ భయపెట్టే మాటలు చాలా వినిపిస్తాయి, అన్నీ ఒకే బరువు గలవి కావు. నూనె రెండోసారి కాస్తే ట్రాన్స్ కొవ్వులు కుప్పలుగా పుడతాయన్నది వాటిలో ఒకటి. ఇంటి వేపుళ్ల వేడికి పుట్టే ట్రాన్స్ కొవ్వు చాలా స్వల్పం. దానికి అసలు పుట్టిల్లు వనస్పతి. 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో ట్రాన్స్ కొవ్వును 2 శాతానికి మించనీయకూడదన్న నిబంధన కూడా ఉంది. భయపడాల్సింది పోలార్ పదార్థాలకూ ఆల్డిహైడ్లకూ. స్పెయిన్‌లోని పిసార్రా అనే ఊళ్లో పరిశోధకులు వందలాది ఇళ్ల వంటగదుల నుంచి వాడుతున్న నూనె నమూనాలు తీసుకుని పరీక్షించారు. ఫలితాలు 2003లో వెలువడ్డాయి. నూనెలో పోలార్ పదార్థాలు ఎక్కువున్న ఇళ్లవారిలో అధిక రక్తపోటు ఎక్కువగా కనిపించింది. రెండూ కలిసి కనిపించాయన్నంత వరకే ఆ అధ్యయనం చెప్పగలదు, ఒకటి మరొకదానికి కారణమని కాదు. అయినా హోటళ్లలో కాక ఇళ్లలో నూనె కొలిచిన పని కాబట్టి మనకు దగ్గరిది.

అదే స్పెయిన్‌లో నలభై వేల మందికి పైగా పెద్దలను సుమారు 11 ఏళ్లు గమనించిన మరో అధ్యయనం 2012లో వచ్చింది. వేపుళ్లు తినడానికీ గుండె జబ్బుకూ అందులో సంబంధం కనిపించలేదు. వాళ్లు వేయించేది ఆలివ్, సన్‌ఫ్లవర్ నూనెల్లోనని, ఈ ఫలితాన్ని వేరే రకంగా వేయించుకునే దేశాలకు అంటగట్టలేమని పరిశోధకులే చెప్పారు. వేపుడు పాపం కాదు, ఏ నూనెలో, ఎన్నోసారి అన్నదే ముఖ్యం అని ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదువుకుంటే నాకు అనిపిస్తుంది. ఇక పొగ సంగతి వేరు. ఎక్కువ వేడిలో వేయించేటప్పుడు వచ్చే పొగలను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ, కేన్సర్ తెచ్చే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో చేర్చింది. ఆ పొగ పీల్చేది తినేవాళ్లు కాదు, పొయ్యి దగ్గర నిలబడినవాళ్లు. కిటికీ తెరిచి ఉంచడం చిన్న విషయమేమీ కాదు.

మరి మిగిలిన నూనె? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ తయారుచేసి, 2024లో విడుదలైన ఆహార మార్గదర్శకాలు దీనికి సూటిగా జవాబిచ్చాయి. ఒకసారి వేయించిన నూనెను వడకట్టి కూరల్లో వాడుకోవచ్చు, మళ్లీ వేయించడానికి వాడొద్దు, ఒకటి రెండు రోజుల్లో ముగించాలి. కూరకైతే పరవాలేదని ఎందుకన్నారంటే, కూరలో నూనె నీళ్లతో కలిసి ఉడుకుతుంది గనుక వేడి పెద్దగా పెరగదు, కాగే సమయమూ తక్కువ.

సలహా బాగానే ఉంది, కానీ లెక్క వేయండి. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు లీటర్ల నూనె అయితే రోజుకు వంద మిల్లీలీటర్లు. పండగ పూట మూకుట్లో ముప్పావు లీటరు మిగిలితే వారం రోజుల కూరలకు సరిపోతుంది. రెండు రోజుల్లో అయిపోయే మాటే లేదు. మిగిలిన నూనెను ఏం చేయాలన్న ప్రశ్న పొయ్యి ఆపాక అడిగితే ఆలస్యమైనట్టే. లీటరు ప్యాకెట్ కత్తిరించేటప్పుడే అడగాలి. చిన్న మూకుట్లో గారె తేలేంత, అంటే ఓ మూడు నాలుగు వందల మిల్లీలీటర్లు పోసి మొదలుపెట్టి, వేగేవి పీల్చుకున్న మేరకు కొత్త నూనె కొద్దికొద్దిగా కలుపుతూ వెళ్లండి. ఆఖరి రెండు వాయిలకు కలపడం మానేయండి. చివరికి అరగ్లాసు మిగులుతుంది. మర్నాటి వంకాయ కూరకు, ఆ మర్నాటి ఉప్మాకు అది చెల్లిపోతుంది. వేగుతుండగా కలపడం వేరు, నిన్నటి నూనె మీద ఇవాళ కొత్తది పోయడం వేరు. పాత నూనెలోని పెరాక్సైడ్లు కొత్త నూనెను కూడా తమ దారిలోకి లాగేస్తాయి.

మిగిలిన ఆ అరగ్లాసును చల్లారాక పల్చటి నూలుబట్టలో వడకట్టి, చిన్న సీసాలో మూతి దాకా నింపి, పొయ్యికి దూరంగా చీకట్లో పెట్టాలి. ఫ్రిజ్‌లో ఇంకా మంచిది, గడ్డకట్టినట్టు మసకబారినా పాడైనట్టు కాదు. నిల్వ పచ్చళ్లలోకి మాత్రం ఈ నూనె వద్దు, ఏడాది పచ్చడి మూడు నెలలకే వాసన కొడుతుంది.

వంటకు పనికిరాని నూనెకు ఇళ్లలో రకరకాల కొత్త ఉద్యోగాలిస్తుంటారు. కుట్టుమిషన్‌కు, తలుపు బందులకు వేస్తారు. మూకుడు అంచున జిగురు గుర్తుందా? నాలుగు వారాల్లో ఆ బందులకూ అదే గతి. దీపానికి పోస్తే వత్తి జిగటెక్కి మసి చిమ్ముతుంది. సబ్బు చేయొచ్చు, రసాయన శాస్త్రం ఒప్పుకుంటుంది. కాస్టిక్ సోడా కళ్లలో పడితే చూపు పోతుంది, అల్యూమినియం గిన్నెలో కలిపితే హైడ్రోజన్ వాయువు పొంగుతుంది, పాళ్లు కాస్త తప్పితే ఆ సబ్బు చర్మాన్ని కాలుస్తుంది. తూకం, చేతి తొడుగులు, కళ్లద్దాలు లేనివాళ్లు అటు పోవద్దు. సింకులో పోయడం అన్నిటికన్నా చెడ్డది. నూనెలోని కొవ్వు ఆమ్లాలు మురుగులోని కాల్షియంతో కలిసి గట్టి సబ్బు ముద్దలవుతాయి. 2017లో లండన్‌లోని వైట్‌చాపెల్ వీధి కింద దొరికిన అలాంటి ముద్ద 250 మీటర్ల పొడవు, 130 టన్నుల బరువు. దాని ముక్కను ఆ తర్వాత మ్యూజియంలో పెట్టి జనానికి చూపించారు.

ఈ నూనెకు మంచి గమ్యం ఒకటుంది. 1900లో పారిస్ ప్రదర్శనలో ఒక డీజిల్ ఇంజన్‌ను వేరుశనగ నూనెతో నడిపి చూపించారు. ఇప్పుడు వాడేసిన నూనెను మిథనాల్‌తో చర్య జరిపి బయోడీజిల్ చేస్తున్నారు. మిథనాల్ విషం, ఇది ఇంట్లో చేసే పని కాదు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ఆగస్టులో రూకో పేరుతో వాడిన నూనెను బయోడీజిల్ తయారీకి మళ్లించే కార్యక్రమం మొదలుపెట్టింది. 2019 మార్చి నుంచి, రోజుకు 50 లీటర్లకు మించి నూనెతో వేయించే వ్యాపారులు ఆ నూనె ఎటు పోతోందో లెక్క రాయాలి. హోటళ్లలో వాడేసిన నూనె తక్కువ ధరకు చిన్న తోపుడు బళ్లకు చేరి మళ్లీ మన నోట్లోకే వస్తోందన్నది ఈ నిబంధన వెనకున్న ఆందోళన.

ఇళ్లకు ఆ లెక్క లేదు. ఒక్కో ఇంట్లో మిగిలేది గ్లాసుడే కాబట్టి ఎవరూ వచ్చి తీసుకోరు. కొద్దిగానే ఉంటే పాత న్యూస్‌పేపర్‌కో రంపపు పొట్టుకో పీల్పించి చెత్తబుట్టలో వేయండి. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లు సంక్రాంతికీ దీపావళికీ ముందే సంఘంతో మాట్లాడి కింద ఒక క్యాన్ పెట్టించండి, అందరిదీ కలిస్తే సేకరించేవాళ్లు వస్తారు. ఇచ్చే ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదైన సంస్థేనా అని అడగండి. నమోదు కాగితం చూపించకుండా లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువిస్తాననే వాడికి ఆ క్యాన్ ఇవ్వొద్దు.